ర్యామ్ ఉంది, అందడం లేదు

బిల్లు మీద 8 జీబీ ర్యామ్ అని ఉంటుంది. విండోస్‌లో చూస్తే 8 జీబీ అని రాసి, పక్కనే బ్రాకెట్లో 3.46 జీబీ మాత్రమే వాడుకోవచ్చని ఉంటుంది. ఆ బ్రాకెట్ చూడగానే చాలామందికి రెండే అనుమానాలు వస్తాయి: కొట్టువాడు మోసం చేశాడు, లేదా ర్యామ్ పాడైపోయింది. అప్పుడప్పుడు ఈ రెండూ నిజమే అవుతాయి. ఎక్కువసార్లు మాత్రం ర్యామ్ ఉన్నచోటే ఉంటుంది, అందాల్సిన చోటికి అందదు, అంతే. కాలువ శివారున పొలం ఉన్న రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ప్రాజెక్టులో నీళ్లున్నాయని పేపర్లో చదువుతాడు, తన మడి మాత్రం ఎండుతుంది. అప్పుడతను గట్టు పట్టుకుని ఎగువకు నడుస్తాడు. ఏ తూము దాకా నీరు నిండుగా పారుతోంది, ఏ తూము దాటాక సన్నగిల్లింది అని చూస్తాడు. గండి ఆ రెండింటి మధ్యే ఉంటుంది. ఇంటి కంప్యూటర్‌కూ ఇదే పద్ధతి పనికొస్తుంది. ఎంత తగ్గింది, ఏ మజిలీలో తగ్గింది అన్నవి కనుక్కుంటే ఎందుకు తగ్గిందో చాలావరకు ఆ అంకెలే చెప్పేస్తాయి. స్క్రూడ్రైవర్ పట్టాల్సింది ఆ తర్వాతే.

మజిలీలు నాలుగు. మొదటిది ర్యామ్ స్టిక్ మీద అంటించిన లేబుల్. రెండోది బయోస్, అంటే కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే వచ్చే తెర. కొన్ని కంపెనీల యంత్రాల్లో ఆ మీట వేరేగా ఉంటుంది. మూడోది విండోస్‌కు అందిన హాజరు పట్టీ: స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిస్తే ఇన్‌స్టాల్డ్ ఫిజికల్ మెమరీ అనే వరుసలో ఇది కనిపిస్తుంది. నాలుగోది దాని కిందే ఉండే టోటల్ ఫిజికల్ మెమరీ, అంటే విండోస్ నిజంగా వాడుకోగలిగినది. ఈ మూడు, నాలుగు అంకెల మధ్య తేడాను టాస్క్ మేనేజర్ విడిగా చూపిస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, పెర్‌ఫార్మెన్స్‌లో మెమరీ తెరిస్తే అడుగున హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అని ఒక చిన్న అంకె ఉంటుంది. ఎన్ని స్లాట్లు నిండాయో కూడా అక్కడే ఉంటుంది. ఈ తెరలు తెరవడానికి పది నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు. ఒకప్పుడు ఈ తేడా కంటికి ఆనేది కాదు. విస్టా తొలి రోజుల్లో విండోస్ తాను వాడుకోగలిగినంతే చూపించేది. కొన్నది 4 జీబీ అయితే కనిపించేది మూడున్నర ఎందుకని జనం నిలదీయడంతో 2008లో వచ్చిన మొదటి సర్వీస్ ప్యాక్ నుంచి అమర్చిన మొత్తాన్నే చూపించడం మొదలుపెట్టారు. వాడుకోగలిగినదెంతో బ్రాకెట్లో పెట్టే పద్ధతి విండోస్ 7తో వచ్చింది. కంగారు పెడుతుందన్న మాటే గానీ, మనకు ఆ బ్రాకెట్టే మేలు.

ఇక అంకెల సంగతికి వద్దాం. వాడుకోగలిగినది మూడుకూ నాలుగుకూ మధ్య ఎక్కడో ఆగిపోయి, 4 జీబీ పెట్టినా 8 పెట్టినా 16 పెట్టినా అక్కడి నుంచి కదలడం లేదంటే, ఆ కంప్యూటర్లో ఉన్నది 32 బిట్ విండోస్. ర్యామ్‌లోని ప్రతి బైటుకూ ఒక ఇంటి నంబరు ఉండాలి, లేకపోతే ప్రాసెసర్ దాన్ని పిలవలేదు. 32 బిట్లతో రాయగలిగే నంబర్లు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. సరిగ్గా 4 జీబీ. ఐదో జీబీ ఊళ్లో ఇల్లు కట్టుకున్నా దానికి నంబరు లేదు, కనుక పోస్టు రాదు. మరి నాలుగు జీబీలూ ఎందుకు దక్కవంటే, ఆ నంబర్లు ర్యామ్‌కు మాత్రమే కేటాయించినవి కావు. గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు, బయోస్ చిప్ లాంటి పరికరాలతో ప్రాసెసర్ మాట్లాడాలన్నా అవే నంబర్లు కావాలి. 4 జీబీ హద్దుకు దిగువన పైవరుస నంబర్లను అవి ముందే తీసేసుకుంటాయి. ఆ నంబర్లు పడాల్సిన ర్యామ్ చీకట్లో ఉండిపోతుంది. గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంది కదా, నా ర్యామ్ జోలికి ఎందుకొస్తుందని అడగవచ్చు. అది ర్యామ్ జోలికి రాలేదు, ర్యామ్ నంబర్ల జోలికి వచ్చింది. మైక్రోసాఫ్ట్ నిపుణుడు మార్క్ రుసినోవిచ్ 2008లో విండోస్ మెమరీ పరిమితుల మీద రాసిన వ్యాసంలో ఇందుకు విపరీతమైన ఉదాహరణ ఒకటి ఉంది: ఒక్కోటి 1 జీబీ ఉన్న గ్రాఫిక్స్ కార్డులు రెండు బిగించిన 4 జీబీ యంత్రంలో 32 బిట్ విండోస్‌కు దక్కింది 2 జీబీకి కాస్త పైన.

ఇక్కడ తెలిసినవారు ఒక అభ్యంతరం చెబుతారు. 1995లో వచ్చిన పెంటియమ్ ప్రో నుంచే ఇంటెల్ ప్రాసెసర్లు 36 బిట్ల నంబర్లు వేయగలవు, అంటే 64 జీబీ దాకా పిలవగలవు. 32 బిట్ సర్వర్ విండోస్‌లు కొన్ని దాన్ని వాడుకున్నాయి కూడా. అలాంటప్పుడు ఇంటి విండోస్‌ను 4 జీబీ దగ్గర కట్టేయడం కంపెనీ స్వార్థమే కదా, దాన్ని విప్పే ప్యాచ్‌లు దొరుకుతున్నాయి కదా అని. ఆ మాటలో మొదటి సగం నిజం. అయితే రుసినోవిచ్ చెప్పిన కారణాన్ని కొట్టిపారేయలేం. ఇళ్లలో వాడే పరికరాల డ్రైవర్లు ఎన్నో 4 జీబీ దాటిన నంబరు ఉంటుందన్న ఊహే లేకుండా రాసినవి. హద్దు ఎత్తేస్తే అవి కుప్పకూలడమో, మరొకరి ఇంట్లో రాయడమో జరుగుతుంది. విండోస్ గర్భంలో చెయ్యిపెట్టే ప్యాచ్ ఎవరు రాశారో తెలియకుండా దించుకోవడం నా దృష్టిలో ర్యామ్ కోసం ఇంటి తాళం ఊడబెరకడమే. 64 బిట్ విండోస్ ఉండగా ఆ సాహసం దేనికి? గత పదిహేనేళ్లలో కొన్న ప్రాసెసర్ దాదాపు ఏదైనా 64 బిట్‌దే. విండోస్ 10కు 32 బిట్ లైసెన్స్ ఉంటే అదే 64 బిట్‌కూ చెల్లుతుంది. కష్టమంతా మరోచోట ఉంది: పాత విండోస్ మీదుగా కొత్తది ఎక్కించడం కుదరదు, డిస్కు తుడిచి మొదటి నుంచీ వేయాలి. ఫొటోలు, లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు ముందే బయట డిస్కులోకి తీసుకోవాలి. పాత ప్రింటర్‌కు 64 బిట్ డ్రైవర్ దొరుకుతుందో లేదో చూసుకోవాలి. డాస్ కాలపు ఖాతాల సాఫ్ట్‌వేర్ 64 బిట్ విండోస్ మీద నేరుగా నడవదు. డాంగిల్ గుచ్చితేనే తెరుచుకునే ప్రోగ్రాములకు ఆ డాంగిల్ డ్రైవర్ కూడా 64 బిట్‌దే కావాలి. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో రోజూ కూడు తినే డీటీపీ ఆపరేటరు పాత విండోస్‌ను పట్టుకు వేలాడుతున్నాడంటే అది మొండితనమని నేను అనను. వేరే డిస్కులో 64 బిట్ విండోస్ వేసి, పని నడుస్తుందో లేదో వారం రోజులు చూసుకుని మారితే సరిపోతుంది.

64 బిట్ వేశాక కూడా 4 జీబీలో మూడుంపావే కనిపిస్తే తప్పు విండోస్‌ది కాదు. పరికరాలు ఆక్రమించిన చోటున్న ర్యామ్‌కు 4 జీబీ హద్దు అవతల కొత్త నంబర్లు ఇవ్వడం మదర్‌బోర్డు పని. పాత బోర్డుల బయోస్‌లో మెమరీ రీమ్యాప్ అనే పేరుతో ఇది ఉంటుంది, ఆన్ చేయాలి. ఇంటెల్ 945 చిప్‌సెట్ బోర్డులకు ఆ హద్దు దాటే శక్తే లేదు. వాటిలో ఏ విండోస్ వేసినా ఆ ముక్క దక్కదు. అక్కడితో ఆ వెతుకులాట ఆపేయడమే తెలివి.

అంకె గుండుగా ఉంటే కథ వేరు. 16 జీబీ పెడితే సరిగ్గా 8 దగ్గరే ఆగింది, లేదా 2 దగ్గరే ఆగింది అనుకుందాం. పరికరాలు తినేస్తే అంకె ఇంత నున్నగా రాదు. ఎవరో గీత గీశారన్నమాట. ఆ గీత విండోస్ ఎడిషన్‌దే కావచ్చు. మన దేశంలో ల్యాప్‌టాప్‌లతో విరివిగా వచ్చిన విండోస్ 7 హోమ్ బేసిక్, అమెరికా మార్కెట్లో అమ్మని ఎడిషన్, 64 బిట్ అయినా 8 జీబీకి మించి ముట్టదు. హోమ్ ప్రీమియం హద్దు 16, స్టార్టర్ హద్దు 2. విండోస్ 10 హోమ్‌కు వచ్చేసరికి ఈ హద్దు 128 జీబీకి పోయింది కాబట్టి ఇవాళ్టి ఇళ్లలో ఈ చిక్కు అరుదు. గీత గీసింది మనమే అయ్యే అవకాశం దీనికంటే ఎక్కువ. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో బూట్ అనే విభాగం, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో మాగ్జిమమ్ మెమరీ అనే గడి. దీనికి టిక్ పెడితే కంప్యూటర్ పరుగులు తీస్తుందని చెప్పే వీడియోలకు కొదవ లేదు. నిజానికి ఆ గడి ఉన్నది తక్కువ మెమరీలో ప్రోగ్రాములు ఎలా నడుస్తాయో పరీక్షించుకునే ఇంజినీర్ల కోసం. అది ర్యామ్‌కు మూత పెడుతుంది తప్ప ఒక్క మెగాబైటును కూడా పెంచలేదు. టిక్ తీసేసి రీస్టార్ట్ చేయండి.

తేడా అర జీబీ నుంచి సుమారు రెండు జీబీల దాకా ఉండి, కంప్యూటర్‌కు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే, అది నష్టం కాదు, అద్దె. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కు తనదంటూ మెమరీ ఉండదు, మీ ర్యామ్‌లోంచే కొంత పక్కన పెట్టుకుంటుంది. ఏఎమ్‌డీ రైజెన్ ల్యాప్‌టాప్‌లలో 8 జీబీకి 5.9 చిల్లర మాత్రమే కనిపించడానికి ఎక్కువగా ఇదే కారణం. బయోస్‌లో యూఎమ్‌ఏ ఫ్రేమ్ బఫర్ అనే చోట ఈ వాటాను తగ్గించవచ్చు, ఆ సౌకర్యం తయారీదారు ఇచ్చి ఉంటే. ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఇవ్వరు. ఆటలు ఆడేవారు తగ్గించకపోవడమే మంచిది.

అన్నిటికంటే తికమక పెట్టేది సగానికి సగం మాయమవడం. రెండు 8 జీబీ స్టిక్కులు ఉన్నాయి. విండోస్ 16 అనే అంటుంది, కానీ 7.9 మాత్రమే వాడుకోవచ్చంటుంది, మిగతా ఎనిమిదీ హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ కింద చూపిస్తుంది. స్టిక్ కనబడుతోంది కదా, మరి పాడైందని ఎలా అంటారని వాదన వస్తుంది. సరైన ప్రశ్నే. జవాబు ర్యామ్ నిర్మాణంలో ఉంది. ప్రతి స్టిక్ మీదా మెమరీ చిప్‌లతో పాటు ఇంకో బుల్లి చిప్ ఉంటుంది. తన కెపాసిటీ ఎంత, వేగం ఎంత, తయారీదారు ఎవరు అన్న వివరాలు అందులో రాసి ఉంటాయి. బయోస్ దాన్ని వేరే సన్నని దారిలో, నింపాదిగా చదువుకుంటుంది. అసలు డేటా నడిచే పిన్నులు వేరు, ఆ వేగం వేరు. కనుక డేటా దారిలో ఒక్క పిన్ను సరిగా తగలకపోయినా స్టిక్ పని చేయదు, అయినా పేరు పిలిస్తే పలుకుతుంది. హాజరు పలికి, దొడ్డిదారిన క్లాసు ఎగ్గొట్టే కుర్రాడిలాంటిదన్నమాట. మూడో మజిలీలో నిండుగా ఉండి నాలుగో మజిలీలో సగమైందంటే చూడాల్సింది ఆ స్పర్శనే.

అందుకు వరుస ఇది. కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకుని లోపల మిగిలిన కరెంటు పోనివ్వాలి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ తీగ కూడా విడదీయాలి. ముందుగా క్యాబినెట్ ఇనుమును తాకితే ఒంట్లోని స్టాటిక్ దిగిపోతుంది. స్టిక్ తీసి, బంగారు రంగు అంచును పొడి బట్టతో తుడిచి, క్లిప్ టక్కుమని పడేదాకా రెండు వైపులా సమంగా నొక్కాలి. పెన్సిల్ రబ్బరుతో రుద్దే మన రిపేరు షాపుల అలవాటు పని చేస్తుంది, కానీ ఆ బంగారు పూత చాలా పల్చన, రబ్బరు పొడి స్లాటులో పడితే కొత్త రోగం. ఒకసారి నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి ఊరుకోవాలి. అప్పటికీ సగమే కనిపిస్తే ఒక స్టిక్కే పెట్టి ఒక్కో స్లాటులో చూడాలి, తర్వాత రెండో స్టిక్‌తో అదే చేయాలి. తప్పు స్టిక్‌తో పాటు కదిలితే స్టిక్‌ది, స్లాటుతో పాటు నిలిచిపోతే బోర్డుది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు. రెండు స్టిక్కులూ బాగున్నాయి, రెండో స్లాటే పలకడం లేదంటే బోర్డు మార్చేయాలని తీర్పిచ్చేవారుంటారు. తొందర వద్దు. ర్యామ్‌ను నడిపే కంట్రోలర్ ఒకప్పుడు బోర్డు మీది చిప్‌లో ఉండేది. ఏఎమ్‌డీ 2003లో, ఇంటెల్ 2008లో దాన్ని ప్రాసెసర్‌లోకే తెచ్చాయి. అందువల్ల ప్రాసెసర్ సాకెట్‌లో ఒక పిన్ను వంగినా, కూలర్ స్క్రూలు ఒక వైపు మరీ బిగిసినా ఒక ర్యామ్ ఛానల్ మొత్తం మూగబోతుంది. ఫ్యాన్ దుమ్ము దులిపించిన మర్నాటి నుంచి సగం ర్యామ్ పోయిందంటే ముందు అనుమానించాల్సింది ఆ కూలర్‌నే. సాకెట్ తెరిచే పని మాత్రం చేయి తిరిగినవాళ్లకు వదిలేయండి.

బయోస్ దగ్గరే అంకె తగ్గితే, అంటే పేరు పిలిచినా పలక్కపోతే, పొత్తు కుదరలేదేమో చూడాలి. ప్రతి చిప్‌సెట్‌కూ ఒక గరిష్ఠ పరిమితి ఉంది: ఇంటెల్ జీ31 బోర్డుకు 4 జీబీ, హెచ్61 బోర్డుకు రెండు స్లాట్లలో కలిపి 16. చవగ్గా దొరికే డీడీఆర్3 స్టిక్కుల్లో ఏఎమ్‌డీ బోర్డుల మీద మాత్రమే పనిచేసే రకం ఉంది. ఇంటెల్ బోర్డులో పెడితే కంప్యూటర్ లేవనే లేవదు, లేదా తప్పు అంకె చూపిస్తుంది.

ఇంత తతంగం ఎందుకు, ఇంకో స్టిక్ కొని గుచ్చితే పోలేదా అనేవారికి పైన చెప్పిన కారణాలే జవాబు. 32 బిట్ హద్దు, ఎడిషన్ హద్దు, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో పెట్టిన టిక్, వంగిన పిన్ను: వీటిలో కొత్త ర్యామ్‌తో తీరేది ఒక్కటీ లేదు. స్టిక్కే చెడిపోయిందన్న ఒకే ఒక్క సందర్భంలో ఆ డబ్బు సార్థకం. దాన్ని తేల్చడానికి పెన్ డ్రైవ్ నుంచి నడిచే మెమ్‌టెస్ట్86 ఉచితంగానే దొరుకుతుంది. రాత్రంతా నడపండి. ఒక్క తప్పు కనబడినా ఆ స్టిక్‌ను నమ్మవద్దు.

నాలుగు మజిలీలూ నిండుగా ఉండి కంప్యూటర్ ఇంకా నీరసంగానే ఉంటే అప్పుడు సమస్య ర్యామ్ చేరడంలో లేదు. పూర్తి ఖాళీగా ఉన్న ర్యామ్ తక్కువని చూడగానే భయపడేవారున్నారు. విండోస్ ఖాళీగా ఉన్న ర్యామ్‌లో రేపు అవసరమవుతాయనుకున్న ఫైళ్లను ముందే పోగేసుకుంటుంది, అడిగితే వెంటనే ఖాళీ చేస్తుంది. ర్యామ్ క్లీనర్ అని అమ్మే ప్రోగ్రాములు ఆ పోగును పారబోసి ఖాళీ అంకె చూపిస్తాయి, ఆనక విండోస్ అదంతా డిస్కు నుంచి మళ్లీ మోసుకొస్తుంది. ఇంకో సంగతి: 16 జీబీ ఉన్నా పెద్ద ఎక్సెల్ ఫైలు తెరిస్తే మెమరీ చాలదని మొరాయిస్తే, ఆ ఎక్సెల్ 32 బిట్‌దేమో చూడండి. 32 బిట్ ప్రోగ్రాముకు మామూలుగా దక్కేది 2 జీబీ, మహా అయితే 4.

చివరగా కొట్టుకు వెళ్లే ముందు చేయాల్సింది ఒకటుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ అయినా, మీ ఊరి బజారులోని ఒంటి షట్టరు దుకాణమైనా, సిస్టమ్ స్లో అయిందని మాత్రమే చెబితే అవతలివాడికి తోచిన వైద్యమే చేస్తాడు. స్టిక్ లేబుల్ మీద ఎంత, బయోస్‌లో ఎంత, విండోస్‌లో అమర్చినది ఎంత, వాడుకోగలిగినది ఎంత అన్న నాలుగు అంకెలు, వాటి కింద బోర్డు మోడలు పేరు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఏదైనా మార్పించుకుంటే పాత స్టిక్‌ను అక్కడ వదిలేయకుండా అడిగి వెనక్కి తెచ్చుకోండి.